గిట్ట మీద ఏడాది పని

ముందు వాసన తగిలింది. ఆముదం కాగుతున్న జిడ్డు వాసన, దాని వెనక వేపనూనె ఘాటు, ఆ రెండింటి అడుగున సన్నగా తేనెపట్టు వాసన. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరస్వామి గుడి దాటి ఊరి చివరకు వస్తే ఒక వేపచెట్టు. దాని కింద మూడురాళ్ల పొయ్యి, పొయ్యి మీద నీళ్ల గిన్నె, ఆ నీళ్లలో కూర్చోబెట్టిన చిన్న సత్తుగిన్నె. పక్కన తెల్ల గుర్రం. పెళ్లి బరాత్‌లకు తిరిగే గుర్రమని చూడగానే తెలుస్తుంది. తోక కొసన గోరింటాకు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. దాని ముందు కుడికాలును రెండు మోకాళ్ల నడుమ ఇరికించుకుని, వీపు వంచి నిలబడ్డాడు ఒక ముసలి నాల్‌బంద్.

గుర్రం యజమాని పాతికేళ్ల పిల్లవాడు. "చాచా, నూనె కాగింది, పూస్తవా?" అని రెండుసార్లు అడిగాడు. ముసలాయన తల ఎత్తలేదు. "నూనెదేముంది బేటా, ఆఖరుకు పూస్తం. ముందుగాల గిట్టను సూడనీ" అన్నాడు. ఆ చూడడమూ, దాని వెంట సాగిన కత్తి పనీ కలిపి ముప్పావుగంట పట్టింది. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా ఆ ముప్పావుగంట గురించే. గిట్ట ఎండి పగిలిందంటే ఏ నూనె, ఏ ఆకు అని అడిగేవాళ్లే అందరూ. నూనె పేరు ఎవరైనా చెబుతారు. ఏ గిట్టకు, ఏ చోట, ఏ వేళ, ఎంత అన్న ఎరుక మాత్రం చేతిలో ఉంటుంది, అది చేతి నుంచి చేతికే పోతుంది.

నాల్ అంటే లాడం. దాన్ని బిగించేవాడు నాల్‌బంద్. మాట పర్షియన్ నుంచి వచ్చినా మన పల్లెలకు పరాయిది కాదు. పీర్ల పండక్కి లేచే పీర్లలో నాల్ సాహెబ్ పీరు రూపం గుర్రపు లాడమే. ఈ వైపు నాల్‌బంద్‌లకు గుర్రాల కన్నా ఎడ్లతోనే పని ఎక్కువ. ఎద్దు గిట్ట రెండు పాయలు కాబట్టి కాలికి రెండు బిళ్లలు కావాలి, గుర్రానికి ఒకటే వంపు. ఎద్దును తాళ్లతో పడుకోబెట్టి, నాలుగు కాళ్లూ కట్టి లాడాలు కొడతారు. గుర్రాన్ని నిలబెట్టే చెయ్యాలి. అంటే అది తన కాలును నమ్మి అప్పగించాలి. ముసలాయన పని మొదలుపెట్టే ముందు దాని భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే మెల్లగా కిందికి, మోకాలి దాకా, అక్కడి నుంచి చీలమండ దాకా జార్చాడు. గుర్రం తనంతట తానే కాలెత్తి ఇచ్చింది.

ఇక్కడి నుంచి బీదర్ ఎంతో దూరం లేదు. 15వ శతాబ్దిలో అది బహమనీల రాజధాని. 1470 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు ఒక మగగుర్రాన్ని ఓడలో తెచ్చి, దారి పొడుగునా దాన్ని కాపాడుకుంటూ వచ్చి, చివరకు బీదర్‌లో అమ్మాడు. ఆళంద్ సంతకు ఇరవై వేల దాకా గుర్రాలు అమ్మకానికి వచ్చేవని తన యాత్రా కథనంలో రాసుకున్నాడు. ఇరవై వేల గుర్రాలంటే ఎనభై వేల గిట్టలు. వాటిని ఈ మొరం నేలల మీద నడిచేట్టు నిలబెట్టిన చేతులు ఎన్ని ఉండాలి! రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి, ఆ చేతులు గలవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

చదువుల్లో మాత్రం గుర్రానికి మొదటి నుంచీ పీట ఉంది. విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి పేరుతో గుర్రాల పోషణకే కుదిరాడు. అశ్వవైద్యానికి మూలపురుషుడిగా శాలిహోత్రుణ్ణి చెబుతారు. ఉర్దూలో పశువుల డాక్టరును సాలోత్రి అనడం ఆ పేరు నుంచి వచ్చిందే. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద హయలక్షణ విలాసమనే కావ్యమే రాశాడు. వేపచెట్టు కింది ముసలాయన ఇవేవీ చదివినవాడు కాడు. ఆయన చదివేది గిట్టను.

అది ఎలా చదువుతాడో చెబుతాను. ముందు గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు. రెండు ముందుకాళ్ల గిట్టలూ ఒకే ఎత్తున ఉన్నాయా, ఒకటి బయటికి వాలిందా అని చూశాడు. గుర్రం బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది, పగుళ్లూ ఎక్కువగా అక్కడే వస్తాయి. తర్వాత పిల్లవాడితో పది అడుగులు నడిపించి, తను మొహం అవతలికి తిప్పుకుని చప్పుడు విన్నాడు. నాలుగు దెబ్బలూ ఒకే తీరుగా పడాలి, ఒకటి మెత్తగా పడితే ఆ కాలు నొస్తున్నట్టు. ఆ తర్వాతే కాలెత్తి, గిట్ట గోడ మీద బొటనవేలు అడ్డంగా ఉంచి పై నుంచి కిందికి లాగాడు. గోడ మీద అడ్డంగా సన్నటి గీతలుంటాయి, చెట్టు కాండంలో వలయాల మాదిరి. మేత మారినా, జ్వరం వచ్చినా అక్కడ ఒక గీత లేచి నిలుస్తుంది. "దీవాలి తర్వాత దీనికి మేత తక్కువైంది, అవునా?" అన్నాడు. పిల్లవాడు నా వైపు చూసి తల దించుకున్నాడు. నిజమే, ఆ నెలలో వాళ్ల నాన్న ఆస్పత్రిలో ఉన్నాడట.

ఇదేమీ జోస్యం కాదు, లెక్క. గుర్రం గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెంట్రుకలు ఆగిపోయి గిట్ట మొదలయ్యే చోట, చుట్టూ కడియంలా ఉబ్బెత్తుగా ఉంటుంది. పుట్టుక అంతా అక్కడే. అక్కడ పుట్టిన కొమ్ము కిందికి దిగి దిగి ముందువైపు నేలను తాకడానికి 9 నెలల నుంచి ఏడాది పడుతుంది. కడియం నుంచి గీత ఎంత కిందికి దిగిందో బొటనవేలితో కొలిస్తే ఎన్ని నెలల కిందటిదో తెలిసిపోతుంది.

గిట్ట గోడ మన గోళ్ల జాతిదే. జొన్నదంట్లను నిలువుగా చేర్చి, మధ్యలో జిగురు పోసి కట్ట కట్టినట్టు ఉంటుంది దాని నిర్మాణం, కాకపోతే ఆ దంట్లు కంటికి కనపడనంత సన్నవి. ఆరోగ్యంగా ఉన్న గోడలో సుమారు నాలుగోవంతు నీరే. ఆ నీరు లోపలి నెత్తురు నుంచి బయటికి ఊరుతుంది. పైపైన ఉండే నున్నటి పొర దాన్ని ఆవిరైపోకుండా కాపాడుతుంది. ఎండ కన్నా గిట్టను ఎక్కువ చెడగొట్టేది తడిపొడి ఆట. పెళ్లిళ్ల కాలంలో ఈ గుర్రం బతుకు అదే. రాత్రి తారురోడ్డు మీద, బ్యాండు చప్పుళ్ల మధ్య గంటలు గంటలు నిలబడుతుంది. పొద్దున సబ్బుపొడితో కాళ్లు కడుగుతారు. మధ్యాహ్నం మొరం మీద మాడిపోతుంది. సాయంత్రం మళ్లీ కడిగి, మెరవడానికి ఏదో పాలిష్ రాస్తారు. తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుని, మళ్లీ ఉబ్బి, ఆ దంట్ల మధ్య జిగురు విడిపోతుంది. చీలిక అలా మొదలవుతుంది.

ముసలాయన పట్టకారుతో చీలిక పక్కన మెల్లగా నొక్కాడు. గుర్రం కదల్లేదు. సుత్తి పిడితో తట్టాడు. అప్పుడూ కదల్లేదు. "కిందికెల్లి మీదికి పలిగింది. ఇది మంచి పలుగుడే" అన్నాడు. నేను ఆశ్చర్యపోతే విప్పి చెప్పాడు. నేల అంచు నుంచి పైకి పాకేది ఎండ వల్లా, గిట్ట పెరిగిపోవడం వల్లా వస్తుంది. దాన్ని చేత్తో ఆపవచ్చు. కడియం దగ్గర మొదలై కిందికి దిగేది వేరే జాతి. పుట్టే చోటే దెబ్బ తిన్నట్టు లెక్క. "దాన్ని నేను ముట్ట. డాక్టర్‌సాబ్ తానకు తోలుకపొమ్మంట." తన చెయ్యి ఎక్కడ ఆగాలో తెలిసి ఉండడం కూడా పనితనమే. నిజానికి ఆ రోజు నాకు అన్నింటికన్నా ఎక్కువ నచ్చింది ఆ మాటే.

ఇక కత్తి తీశాడు. కొస దగ్గర కొక్కెంలా వంగిన చిన్న కత్తి. అడుగున ఇరుక్కున్న పేడ, రాళ్లు తవ్వి తీశాడు. అరికాలి మధ్యలో ముక్కోణంగా మెత్తటి దిమ్మె ఉంటుంది. అది అడుగు పడినప్పుడల్లా దెబ్బను ఓర్చుకుంటుంది. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. కుళ్లు వాసన, నల్లటి చెమ్మ ఉంటే అది వేరే రోగం, దానికి ముందు పొడి నేల కావాలి, నూనె పనికిరాదు. ఆ గిట్టలో వాసన లేదు. దిమ్మెను గోకలేదు, వేలాడుతున్న పొరలు మాత్రం కోశాడు. నేర్వనివాడు అక్కడే శుభ్రం చేస్తున్నాననుకుని లోపలి దాకా చెక్కేస్తాడు.

తర్వాత ఆకురాయి. గిట్ట గోడ అడుగున బయటికి విచ్చుకున్న అంచును దాంతో లోపలికి వంపు తిరిగేట్టు రాశాడు. అంచు అలా విచ్చుకుంటే ప్రతి అడుగుకూ చీలికను రెండు పక్కలకూ లాగుతుంది. కట్టెలో దిగిన గొడ్డలి కట్టెను చీల్చినట్టే. ఆ తర్వాత చేసిన రెండు పనులు రెప్పపాటులో అయిపోయాయి, చూడనివాడికి కనపడవు కూడా. ఒకటి, చీలిక నేలను తాకే చోట అంచును అగ్గిపుల్ల మందం తగ్గించాడు. ఇప్పుడు గుర్రం నిలబడితే బరువు అటూ ఇటూ పడుతుంది, చీలిక మీద పడదు. రెండోది, చీలిక పైకొస దగ్గర ఆకురాయి అంచుతో అడ్డంగా చిన్న గాటు పెట్టాడు. పైకి పాకే పగులుకు అది కట్ట. ఈ గాటు వల్ల ఎంత మేలు అన్న దాని మీద ఇవాళ గిట్టపనివాళ్లలో భేదాభిప్రాయాలున్నాయి. బరువు తప్పించడం మీద మాత్రం రెండో మాట లేదు. రెండు పనుల్లోనూ చెయ్యి లోపలి ప్రాణమున్న భాగం దాకా పోలేదు. నెత్తురు చుక్క కనిపించలేదు, గుర్రం చెవి కూడా ఆడించలేదు.

అప్పుడు అడిగాడు, "నూనె ఏదిరా?"

గిన్నెలో ఉన్నది ఇదీ: ఆముదం పావులీటరు, వేపనూనె దాంట్లో ఐదోవంతు, గుప్పెడు తేనె మైనం, చివర్లో చెంచాడు పసుపు. మైనం సుమారు 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టకుండా నీళ్ల గిన్నెలో కూర్చోబెడతారు. ఆముదం చిక్కగా పట్టుకుని ఉంటుంది, మైనం పైన పొర కడుతుంది, వేపనూనె చేదుకు ఈగలు వాలవు, బూజు జాతి క్రిములు తగ్గుతాయి. చల్లారితే వేలికి అంటే ముద్దలా అవుతుంది. కంచె మీద నుంచి ఒక కలబంద మట్ట కూడా కోసుకొచ్చి పెట్టుకున్నాడు. ఇందులో దొరకని వస్తువు ఒక్కటీ లేదు.

పూసిన తీరు చూడాలి. ముందు తడిగుడ్డతో గిట్ట తుడిచి, చెమ్మ లోపలికి పట్టేదాకా ఆగాడు. పైన తడి ఆరిపోయాక పూయడం మొదలుపెట్టాడు. నూనె నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని పట్టి ఉంచుతుంది. ఎండిన గిట్ట మీద రోజూ నూనె రాసేవాళ్లు ఎండునే భద్రం చేస్తున్నారన్నమాట. కడియం చుట్టూ ముందు కలబంద గుజ్జు రుద్దాడు. దాని మీద ముద్దను బొటనవేలితో, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, కాలి చుట్టూ ఒక పూర్తి తిరుగుడు తిరిగేదాకా మర్దన చేశాడు. ఎంతసేపు మర్దన చేశాడంటే పిల్లవాడికి విసుగొచ్చింది. గోడకు మాత్రం గుడ్డతో పలచగా, ఒక్క పూత. చీలికలోకి మైనం పోనివ్వలేదు, వేపనూనెలో కలిపిన పసుపు మాత్రం పుల్లతో అద్దాడు. చీలికను మైనంతో మూసేస్తే లోపల చిక్కుకున్న మురికి అక్కడే కుళ్లుతుంది. ఇలా వారానికి రెండుసార్లు చాలన్నాడు. "రోజు పూస్తే జల్ది తక్కువైతది గద చాచా?" అన్నాడు పిల్లవాడు. "రోజు పూస్తే గిట్ట మెత్తవడ్తది. లాడం సీలలు పట్టయి" అన్నాడు ముసలాయన.

ఇంతవరకూ చేసినదంతా పాత గిట్టను కాపాడడానికే. పగిలిన కొమ్ము మళ్లీ అతుక్కోదు. విరిగిన గోరు అతుక్కోనట్టే. కొత్తది కడియం దగ్గర పుట్టి, మెల్లగా దిగి, పగిలినదాన్ని కిందికి నెట్టేయాలి. ఏ మూలికా దీన్ని తొందరపెట్టదు. వారంలో పగుళ్లు మాయమని చెప్పి డబ్బాలు అమ్మేవాళ్ల మాట నమ్మకండి, వారంలో గిట్ట పెరిగేది మహా అయితే రెండు మిల్లీమీటర్ల చిల్లర. ఆ ఏడాది పొడుగునా ఆరేడు వారాలకొకసారి గిట్ట కోయించాలి, అంచు విచ్చుకోకుండా చూడాలి. కొత్తగా దిగే కొమ్ము గట్టిగా ఉండాలంటే కడుపులోకి పోయేది బాగుండాలి.

ఇక్కడ ఝరాసంగం మండలానికి ఒక భాగ్యం ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లలో విత్తనాలు పెట్టుకుని పాత పంటల జాతర బయల్దేరదీస్తారు. ఊరూరా తిరిగిన ఆ బండ్లు చివరకు చేరుకునేది ఈ మండలంలోని మాచ్‌నూరుకే. సంఘం రేడియో ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. ఒకే చేనులో ఇరవైకి పైగా పంటలు కలిపి వేసే ఈ రైతుల చేలల్లో అవిసెలు, కుసుమలు, శనగలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఉడికించిన ఉలవలూ, మరిగించిన గుప్పెడు అవిసెలూ గుర్రానికి పెట్టడం పాత అలవాటు. అవిసెలను గోరువెచ్చని నీళ్లలో నానేసి వదిలేయకూడదు, విషం పుడుతుంది. నురుగు వచ్చేదాకా మరగాలి. లేత జొన్న మేత కూడా గుర్రానికి వద్దు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. గిట్ట పగిలిన గుర్రానికి దాణాయే అసలు మందు.

దీనికి శాస్త్రం తోడు కూడా ఉంది. వియన్నా గుర్రపు స్వారీ పాఠశాలలో లిపిజానర్ జాతి మగగుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ ఇచ్చి 1990ల్లో పరిశీలించారు. గిట్టలు మెరుగయ్యాయి, కానీ తేడా కనపడడానికి తొమ్మిది నెలలు పట్టింది. వేపచెట్టు కింద ముసలాయన పిల్లవాడికి చెప్పిన గడువు కూడా దాదాపు అంతే: "వచ్చే శివరాత్రి జాతర దాక ఓపిక పట్టు."

చెప్పక తప్పని ఇంకో మాట ఉంది. చాలాచోట్ల గిట్టలకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తున్నారు. నల్లగా మెరుస్తుంది, ఖర్చు లేదు. అది యంత్రం కడుపులోని మసి. గిట్టకు మేలు చెయ్యదు సరికదా, పై చర్మాన్ని కాల్చుతుంది. కిరసనాయిలూ అంతే. గిట్ట వేడిగా తగిలినా, గుర్రం కుంటినా, చీలిక నుంచి నెత్తురో చీమో వచ్చినా, చీలిక వెంట్రుకల గీతను తాకినా ఆముదం గిన్నె పక్కన పెట్టి పశువుల డాక్టరును పిలవాలి. ఆ రోజు ముసలాయన కూడా ఈ నాలుగు గుర్తులనూ పిల్లవాడి చేత మళ్లీ చెప్పించుకున్నాకే కత్తి మడిచాడు.

ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి, ఎడ్లతో పాటు నాల్‌బంద్‌లూ తగ్గారు. మన పల్లెల పశువైద్య పరిజ్ఞానాన్ని నమోదు చెయ్యడానికి పశువైద్యులైన మహిళలు నిలబెట్టిన ఆంత్రా సంస్థ 1990ల నుంచీ పూనుకుంది. ఆకుల పేర్లు, మందుల పాళ్లు అలా కాగితం మీదికి ఎక్కించవచ్చు. బొటనవేలు ఎంత నొక్కితే ఆపాలో కాగితానికి ఎక్కదు. పశువైద్య కళాశాలల్లో చదివే పిల్లలు ఒక్క వేసవిలో పది రోజులైనా ఇలాంటి ముసలివాళ్ల పక్కన నిలబడి ఆకురాయి పడితే, డాక్టరు చదువూ నాల్‌బంద్ చెయ్యీ ఒకచోట కలుస్తాయి. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు.

ఆఖర్న మీకొక మాట. మీ ఇంట్లో పెళ్లికి బరాత్ గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు దాని జీను, జూలు, తోక తర్వాత చూడండి. ముందు కిందికి వంగి ముందుకాళ్ల గిట్టలు చూడండి. గిట్ట మీద నిలువు చీలిక ఉంటే, నడిచేటప్పుడు ఒక అడుగు మెత్తగా పడుతుంటే, ఆ గుర్రం మీద ఎవరినీ ఎక్కించకండి. యజమాని బేరం పోగొట్టుకోకుండా బయానా చేతిలో పెట్టి, నాల్‌బంద్ దగ్గరికి తీసుకుపొమ్మని చెప్పండి.